ధ్రువాల పైగాలికి ఏడాది లెక్క: ఇంట్లో కూర్చుని ఉష్ణోగ్రతల పుస్తకం రాయడం ఎలా

ఒక గ్రాఫ్ పుస్తకం, నలుపు, ఎరుపు, నీలం, ఆకుపచ్చ పెన్సిళ్లు, ఇంటర్నెట్ వచ్చే ఫోను, రోజుకు పది నిమిషాలు. ఇవి ఉంటే చాలు, ఉత్తర దక్షిణ ధ్రువాల మీద ఇరవై, ముప్ఫై కిలోమీటర్ల ఎత్తున ఏడాది పొడవునా వేడి, చలి ఎలా మారుతున్నాయో మీ చేత్తో మీరే గీయవచ్చు. నేను వాతావరణ శాఖలో ముప్ఫై ఏళ్లకు పైగా, పైగాలిని కొలిచే పరికరాలు కట్టిన బెలూన్లు ఎగరేశాను. ఎక్కువ కాలం విశాఖపట్నంలో, ఒక ఏడాది మాత్రం అంటార్కిటికాలోని మైత్రి కేంద్రంలో. ఉద్యోగం ముగిశాక ఈ పుస్తకం రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు నిండాయి.

గీత పెరిగిన ప్రతిసారీ, పడిన ప్రతిసారీ దాన్ని ఒక ప్రశ్న అడగాలి: ఇది ఎండ చేసిన పనా, గాలి చేసిన పనా? ఈ ఒక్క ప్రశ్న వదలకుండా పట్టుకుంటే మిగతా పాఠమంతా దాని వెంట వస్తుంది. కొత్తవాళ్లు అందరూ ఎండతోనే ఆగిపోతారు. సూర్యుడు ఉంటే వేడి, లేకపోతే చలి అనుకుంటారు. ధ్రువాల పైగాలిలో సగం కథకు ఆ లెక్క సరిపోతుంది. మిగతా సగం దానికి పూర్తిగా ఎదురు నడుస్తుంది.

ముందు ఎత్తు ఎంచుకోండి

పైగాలి మనుషులు ఎత్తును కిలోమీటర్లలో కాక ఒత్తిడిలో చెబుతారు. నేల దగ్గర ఒత్తిడి సుమారు 1000 హెక్టోపాస్కల్. 50 హెక్టోపాస్కల్ అంటే దాదాపు 20 కిలోమీటర్ల ఎత్తు, 10 అంటే దాదాపు 30 కిలోమీటర్లు. రెండూ స్ట్రాటో ఆవరణంలోనివే, అంటే మన మబ్బులు, వానలు ఉండే పొరకు పైనున్న గాలి పొరలోనివి. మీ పుస్తకంలో ఈ రెండు ఎత్తులకు రెండు గీతలు ఉండాలి. 50కి నలుపు, 10కి ఎరుపు. అడ్డంగా పన్నెండు నెలలు, నిలువుగా మైనస్ 20 నుంచి మైనస్ 100 డిగ్రీల దాకా. ఉత్తరానికి ఒక పుట, దక్షిణానికి ఒక పుట.

సంఖ్యలు ఎక్కడివి? వయోమింగ్ విశ్వవిద్యాలయం ప్రపంచంలోని బెలూన్ కేంద్రాల కొలతలను ఎవరైనా చూసేలా పెడుతుంది. స్వాల్‌బార్డ్ దీవుల్లోని నీ-ఆలెసుండ్ కేంద్రం సంఖ్య 01004, దక్షిణ ధ్రువం మీది అముండ్‌సెన్–స్కాట్ కేంద్రం సంఖ్య 89009. నీ-ఆలెసుండ్ 79 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, మన హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్నదీ అక్కడే. అక్కడి బెలూన్ మన సమయం ప్రకారం సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో ఎగురుతుంది. కాబట్టి రాత్రి భోజనం ముగించి కూర్చుంటే ఆనాటి కొలత సిద్ధంగా ఉంటుంది. పట్టికలో మొదటి వరుస ఒత్తిడి. దాన్ని పైనుంచి కిందికి చదువుతూ 50.0 దగ్గర ఆగి, ఎదురుగా ఉన్న ఉష్ణోగ్రతను రాసుకోండి.

10 దగ్గర మాత్రం శీతాకాలంలో చాలాసార్లు ఖాళీ కనిపిస్తుంది. బెలూన్ అంత ఎత్తుకు చేరలేదని దాని అర్థం. ఎందుకు చేరదో మైత్రిలో నా చేతుల మీదుగానే తెలిసింది.

మైత్రిలో మే నెల చివర్లో సూర్యుడు కనుమరుగైతే మళ్లీ జూలై చివర్లో గానీ తొంగిచూడడు. ఆ చీకటిలో ఓజోన్ కొలిచే పరికరాన్ని బెలూన్‌కు కట్టి వదలడం నా పని. మంచి బెలూన్ నిమిషానికి మూడు వందల మీటర్ల చొప్పున ఎక్కుతుంది. పైకి పోయేకొద్దీ చుట్టూ ఒత్తిడి తగ్గుతుంది కనుక ఉబ్బుతుంది. నా చేతుల్లోంచి వెళ్లేటప్పుడు మనిషంత ఎత్తున్నది పగిలే ముందు ఒక గది అంత అవుతుంది. అంతగా సాగాలంటే రబ్బరు మెత్తగా ఉండాలి. ఆ జూన్‌లో నేను వదిలిన మొదటి రెండు బెలూన్లూ పద్దెనిమిది కిలోమీటర్లు దాటలేదు. మైనస్ 80కి దిగిన గాలిలో రబ్బరు గట్టిపడి, సాగలేక పగిలింది. నాకంటే ముందు అక్కడ శీతాకాలం గడిపిన ఒక పెద్దాయనతో శాటిలైట్ ఫోనులో మాట్లాడాను. "బాబూ, రబ్బరును విమానాల కిరోసిన్‌లో ముంచి తీసి, వేలాడదీసి కారనివ్వు. ఎగరేసే నిమిషం దాకా బయట చలికి చూపించకు" అన్నారు. అలాగే చేశాను. వెచ్చని గదిలో తాడుకు వేలాడుతున్న ఆ బెలూన్ తడిసిన పంచెలా ఉండేది, కింద పెట్టిన రేకు డబ్బాలో చుక్క చుక్కగా కిరోసిన్ పడుతూ ఉండేది. మూడో బెలూన్ ఇరవై ఏడు కిలోమీటర్లు దాటింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

అందుకే నా సలహా: 50 గీతకు బెలూన్ కొలతలు వాడండి. 10 గీతకు మాత్రం బెలూన్లు, ఉపగ్రహాలు కలిపి లెక్కగట్టిన సగటులు తీసుకోండి. నాసావారి ఓజోన్ వాచ్‌లో రెండు ధ్రువాలకూ ఇవి రోజువారీ గ్రాఫులుగా దొరుకుతాయి. పాత సంవత్సరాల హద్దులు బూడిద రంగులో వెనక కనిపిస్తాయి కూడా. అక్కడ ఉష్ణోగ్రత కెల్విన్లలో ఉంటుంది, 273 తీసేస్తే మన డిగ్రీలు వస్తాయి.

గీతలో ఎండ ఎక్కడ, గాలి ఎక్కడ

స్ట్రాటో ఆవరణాన్ని వేడి చేసేది ఓజోన్. సూర్యుడి అతినీలలోహిత కిరణాలను అది పీల్చుకుంటుంది, ఆ శక్తితో చుట్టూ గాలి వేడెక్కుతుంది. చల్లబరిచేది ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్. తన వేడిని కంటికి కనిపించని పరారుణ కిరణాలుగా పైకి వదిలేస్తుంది. వేసవిలో ధ్రువం మీద ఇరవై నాలుగు గంటలూ ఎండే కనుక రెండు ఎత్తుల్లోనూ గీత మైనస్ 40 దరిదాపుల్లో నునుపుగా నడుస్తుంది. చీకటి పడ్డాక ఖర్చే గానీ రాబడి లేదు. గీత రోజురోజుకూ దిగుతుంది. అయితే చీకటి మధ్యరోజునే అతి చలి రాదు. ఉత్తరాన జూన్ నడివేసవి అయితే దక్షిణాన అదే నడిచలి, జూన్ 21. కానీ 50 గీత అడుగు తాకేది జూలై చివర, ఆగస్టులో. ఎండ తిరిగి వచ్చే దాకా ఖర్చు సాగుతూనే ఉంటుంది మరి. ఈ ఆలస్యాన్ని మీ పుటలో బాణం గుర్తుతో చూపించండి. ఇది ఎండ గీసిన భాగం.

గాలి గీసే భాగానికి సైకిల్ పంపు ఒక్కటి చాలు. గట్టిగా పది సార్లు కొట్టి, గొట్టం అడుగున చేయి పెట్టండి, కాలుతుంది. అక్కడ నిప్పు లేదు, గాలి నొక్కుకుపోయింది, అంతే. తర్వాత నిండు ట్యూబు వాల్వు విప్పి వేలు అడ్డం పెట్టండి, చల్లగా తగులుతుంది. గాలి పరుచుకుంది. ఆకాశంలోనూ ఇదే లెక్క. కిందికి దిగే గాలి నొక్కుకుని వేడెక్కుతుంది, కిలోమీటరుకు దాదాపు పది డిగ్రీల చొప్పున. పైకి లేచే గాలి అంతే చొప్పున చల్లబడుతుంది. ధ్రువాల మీద శీతాకాలమంతా పైగాలి నెమ్మదిగా దిగుతూ ఉంటుంది. ఆ దిగుడే లేకపోతే ధ్రువ రాత్రి ఇప్పుడున్న దానికన్నా ఇంకా చల్లగా ఉండేది.

జనవరి, ఫిబ్రవరి పుటను నిద్రపోకుండా చూడండి

ఉత్తర ధ్రువం పుటలో ఏడాదికంతటికీ ముఖ్యమైన భాగం ఇదే. చీకటి నెలల్లో ఆ చల్లగాలి చుట్టూ పడమర నుంచి తూర్పుకు ఒక పెద్ద సుడిగాలి తిరుగుతూ ఉంటుంది. లోపలి చలిని కంచెలా కాపాడుతుంది. ఎర్ర గీత మైనస్ 70 దగ్గర పాకుతూ ఉంటుంది. ఉన్నట్టుండి ఒకరోజు అది లేస్తుంది. మర్నాడు ఇంకా లేస్తుంది. వారం తిరిగేసరికి నలభై, యాభై డిగ్రీలు ఎక్కి, నడిచీకటిలో వేసవిని కూడా దాటిపోవచ్చు. సూర్యుడి జాడ లేదు, గాలి మాత్రమే ఉంది.

దీన్ని మొదట పట్టుకున్నది జర్మన్ శాస్త్రవేత్త రిచర్డ్ షెర్‌హాగ్. 1952 తొలినాళ్లలో బెర్లిన్ మీద ఎగరేసిన బెలూన్ల కొలతల్లో ఈ ఆకస్మిక వేడిమిని చూశాడు. అది ఎలా జరుగుతుందో 1971లో జపాన్‌కు చెందిన తారో మాత్సునో గణితంతో చూపించాడు. హిమాలయాలు, టిబెట్ పీఠభూమి, రాకీ పర్వతాల వంటి ఎత్తైన నేలలు, నేలకూ సముద్రానికీ మధ్య వేడి తేడాలు గాలిలో వేల కిలోమీటర్ల పొడవైన అలలు లేపుతాయి. అవి పైకి పాకి, సముద్రపు అల ఒడ్డున విరిగినట్టు స్ట్రాటో ఆవరణంలో విరుగుతాయి. సుడిగాలి వేగం తగ్గుతుంది, ఒక్కోసారి అది రెండు ముక్కలవుతుంది. గాలి ధ్రువం వైపు తోసుకువచ్చి కిందికి దిగుతుంది. సైకిల్ పంపు మొదలవుతుంది. ఈ అలలు పడమటి గాలుల్లోనే పైకి ఎక్కగలవు. వేసవిలో స్ట్రాటో ఆవరణపు గాలి తూర్పు నుంచి వీస్తుంది కనుక వాటికి దారి మూసుకుపోతుంది. వేసవి గీత అంత నునుపుగా ఉండడానికి ఇదీ ఒక కారణం.

ఇప్పుడు పుస్తకంలో చేయవలసిన పని. గీత లేవడం చూడగానే "పెద్ద సంఘటన" అని రాసేయకండి. గాలిని చూడండి. 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం చుట్టూ, 10 హెక్టోపాస్కల్ దగ్గర సగటు గాలి పడమటి నుంచి తూర్పు గాలిగా తిరగబడిందా? తిరగబడితేనే శాస్త్రవేత్తలు దాన్ని పెద్ద ఆకస్మిక వేడిమి అంటారు. లేకపోతే చిన్నది. ఆ గాలి గ్రాఫు కూడా ఓజోన్ వాచ్‌లోనే ఉంటుంది. నీలం పెన్సిలుతో కింద చిన్న గీతగా వేయండి. సున్నాను దాటిన రోజుకు సున్నా చుట్టండి. పెద్దవి ఉత్తరాన సగటున దశాబ్దానికి ఆరు వస్తాయి. నా పుస్తకాల్లో 2018 ఫిబ్రవరి 12న, 2019 జనవరి మొదట్లో, 2021 జనవరి 5న ఆ సున్నాలు ఉన్నాయి. 2024లో అయితే జనవరిలో ఒకటి, మార్చిలో ఒకటి, రెండు. 2019–20 శీతాకాలం పుటలో ఒక్కటీ లేదు. సుడిగాలి మార్చి దాకా గట్టిగా నిలబడింది, ఆ మార్చిలో ఉత్తర ధ్రువం మీద ఓజోన్ మునుపెన్నడూ లేనంత పలచబడింది.

ఇంకో జాగ్రత్త. నీ-ఆలెసుండ్ ఒక్క కేంద్రాన్నే నమ్ముకుంటే పొరబడతారు. సుడిగాలి చెక్కుచెదరకుండానే కాస్త రష్యా వైపో, కెనడా వైపో జరిగితే చాలు, ఆ కేంద్రం మీద వెచ్చటి గాలి వచ్చేస్తుంది. మొదటి ఏడాది నేనూ అలా ఒక వారంపాటు ఎర్ర గుర్తులు వేసి తర్వాత చెరిపాను. కేంద్రం కొలతకు పక్కన ధ్రువమంతటి సగటు ఉండి తీరాలి.

పైన 10 దగ్గర లేచిన వేడి 50కి దిగడానికి రోజులు, ఒక్కోసారి రెండు మూడు వారాలు పడుతుంది. దిగాక అక్కడ రెండు నెలలైనా ఉండిపోగలదు. ఎర్ర గీత శిఖరం నుంచి నల్ల గీత శిఖరానికి ఒక వాలు గీత గీయండి. 2018 పుటలో ఆ వాలు గీసిన రోజుల్లోనే యూరప్‌లో ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో మంచు తుపాను విరుచుకుపడింది. ప్రతి వేడిమి తర్వాతా అలా జరుగుతుందని మాత్రం అనుకోవద్దు.

దక్షిణం పుట వేరు

దక్షిణాన ధ్రువ ఖండం చుట్టూ అంతా సముద్రమే. అలలు లేపే పెద్ద పర్వత శ్రేణులు తక్కువ. అందుకే అక్కడి సుడిగాలి బలంగా ఉంటుంది, గీత ఇంకా లోతుకు, మైనస్ 90 దాకా దిగుతుంది. ఈ పుటలో 50 గీత కోసం రెండు అడ్డ గీతలు ముందే గీసి పెట్టుకోండి, మైనస్ 78 దగ్గర ఒకటి, మైనస్ 85 దగ్గర ఒకటి. మొదటిది దాటితే ఆమ్లం, నీరు కలిసిన మేఘాలు పుడతాయి, రెండోది దాటితే మంచు మేఘాలు. ఆ మేఘాల మీదే మనుషులు వదిలిన క్లోరిన్ ఓజోన్‌ను తినడానికి సిద్ధమవుతుంది. సెప్టెంబరులో ఎండ రాగానే తింటుంది. 1985లో అంటార్కిటికాలోని బ్రిటన్ వారి హాలీ కేంద్రం కొలతలతో ఫార్మన్, గార్డినర్, షాంక్లిన్ లోకానికి చెప్పిన ఓజోన్ రంధ్రం ఇదే.

ఇక్కడ ఎండ, గాలి లెక్క చిక్కబడుతుంది. ఓజోన్ పోయిన చోట ఎండ ఉన్నా వేడి పుట్టదు. అందుకే వసంతం పైనుంచి దిగుతుంది. ఎర్ర గీత సెప్టెంబరులో లేస్తే, నల్ల గీత అక్టోబరు, నవంబరు దాకా వెనకబడుతుంది. రంధ్రం పెద్దదైన 2020లో డిసెంబరు దాకా లాగింది. దక్షిణాన గాలి తిరగబడిన పెద్ద ఆకస్మిక వేడిమి నమోదైనది ఒక్కసారే, 2002 సెప్టెంబరులో. అప్పుడు ఓజోన్ రంధ్రమే రెండు ముక్కలైంది. 2019 సెప్టెంబరులో గాలి తిరగబడలేదు గానీ ఉష్ణోగ్రత ఎగబాకింది. ఆ ఏటి రంధ్రం 1980ల తొలినాళ్ల తర్వాత అతి చిన్నది. దాన్ని చూసి ఓజోన్ బాగుపడిందని సంబరపడిన వాళ్లున్నారు. గీత పక్కన పెట్టుకున్నవాళ్లకు అది ఆ ఏటి గాలి చలవ అని తెలుస్తుంది.

బెలూన్ అందని ఎత్తుకు ఒక పుట

స్ట్రాటో ఆవరణం పైన, 85 నుంచి 90 కిలోమీటర్ల దగ్గర లెక్క పూర్తిగా తలకిందులు. భూమి వాతావరణంలో అతి చల్లని చోటు అదే. అతి చల్లగా ఉండేదీ ధ్రువ రాత్రిలో కాదు, ఇరవై నాలుగు గంటల ఎండ ఉన్న నడివేసవిలో. సుమారు మైనస్ 140 డిగ్రీలు. శీతాకాలంలో అదే ఎత్తు అరవై, డెబ్బై డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. కింది నుంచి వచ్చే చిన్న చిన్న గాలి అలలు అక్కడ విరిగి, వేసవి ధ్రువం నుంచి శీతాకాలపు ధ్రువం వైపు గాలిని తోస్తాయి. వెళ్లిన గాలి ఖాళీని నింపడానికి వేసవి ధ్రువం మీద గాలి పైకి లేస్తుంది. ట్యూబు వాల్వు విప్పినట్టే.

ఈ ఎత్తుకు రోజువారీ సంఖ్య రాయమని అనను. ఉత్తరాన స్వీడన్, ఫిన్లాండ్, స్కాట్లాండ్, కెనడాల్లో మనవాళ్లు ఎవరైనా ఉంటే వాళ్ల కళ్లు వాడుకోండి. మే చివరి నుంచి ఆగస్టు మధ్య దాకా, సూర్యాస్తమయం అయిన గంటా రెండు గంటలకు, ఉత్తర దిక్కున కింది ఆకాశంలో నీలివెండి రంగులో అలలలాంటి మబ్బులు కనిపిస్తాయా చూడమనండి. అవి 83 కిలోమీటర్ల ఎత్తున పుట్టే మంచు రేణువులు. అంత చలి ఉంటేనే పుడతాయి. కాబట్టి అవి కనిపించిన రాత్రి పైన ఉష్ణోగ్రత కొలిచినట్టే. మా అక్క కూతురు ఉప్సాలాలో ఉంటుంది. ఒక జూలై రాత్రి ఫొటో పంపి, "మామయ్యా, అర్ధరాత్రి ఈ మబ్బు మెరుస్తోంది, నువ్వు చెప్పింది ఇదేనా?" అని అడిగింది. చెరువు నీటి మీద గాలి తోసిన ముడతల్లా ఉన్నాయి గీతలు. ఆ తేదీ మీద చిన్న నక్షత్రం గుర్తు వేశాను. ఇప్పటికి ఆమె పుణ్యాన ముప్ఫై నాలుగు నక్షత్రాలు ఉన్నాయి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

సెప్టెంబరు మొదటి వారంలో. అప్పుడు ఉత్తరం చల్లబడడం మొదలవుతుంది, దక్షిణం వేడెక్కడం మొదలవుతుంది. రెండు పుటలూ ఒకేసారి కదులుతాయి. మన వేసవిలో మొదలుపెడితే ఉత్తరం పుటలో నెలల తరబడి చదునైన గీత గీసి విసుగొచ్చి మానేస్తారు. ఒకటి రెండు రోజులు తప్పితే పాత సంఖ్యలు అక్కడే దొరుకుతాయి, తీసి నింపండి. అంచనాతో మాత్రం ఎప్పుడూ నింపకండి.

ఆకుపచ్చ పెన్సిలు ఎందుకో చెప్పలేదు. ఉత్తర ధ్రువం మీద గాలి కిందికి దిగి వేడెక్కే రోజుల్లో ఆ దిగుడుకు జతగా మన ఉష్ణమండలం మీద స్ట్రాటో ఆవరణపు గాలి పైకి లేస్తుంది, కొద్ది డిగ్రీలు చల్లబడుతుంది. ఎర్ర గీత ఎగబాకిన వారంలో విశాఖపట్నం కొలత తెరవండి, సంఖ్య 43150. హైదరాబాదు అయితే 43128. ఆనాటి బెలూన్ 10 హెక్టోపాస్కల్ దాకా చేరి ఉంటే ఆ ఉష్ణోగ్రతను అదే పుటలో ఎర్ర శిఖరం కింద ఆకుపచ్చతో వేయండి. చేరకపోతే మర్నాటిది చూడండి. మన బెలూన్లు తెల్లవారకముందే ఎగురుతాయి, ఉదయానికల్లా సంఖ్య వచ్చేస్తుంది.